ఎనిమిదో తరగతి పిల్లోడికి 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' ఇవ్వచ్చా? ఆడినవాళ్ళు చెప్పండి

బురుజుకాడ అక్క (కర్నూలు)
అందరికీ నమస్కారం. మావానికి 13 నిండినాయి, ఎనిమిదో తరగతి. దసరా సెలవులకు మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తా తన పాత పీఎస్4 (టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టె) వీనికి ఇచ్చేస్తానని మాటిచ్చినాడు. దాంతోపాటు మూడు డిస్కులు: జీటీఏ 5, గాడ్ ఆఫ్ వార్, అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ. మొదటి రెండిటి డబ్బాల మీద 18 అని ఉంది కాబట్టి అవి బెంగళూరులోనే ఉండనీ అని చెప్పేసినా. మూడోదాని మీద 16. మావాడేమో నెట్‌లో వెతికి "అమ్మా, అమెరికాలో దీనికి 13కే ఇచ్చినారు" అని చూపిస్తాండాడు. తమ్ముడు ఇంకో అడుగు ముందుకేసి "అక్కా, అది మన దేశంలో జరిగే కథ, వినాయకుడి దంతం కోసం వెతుకుతారు, ఒక రకంగా దేవుడి గేమే" అంటాడు. దేవుడి గేమైతే ట్రైలర్ నిండా ఆ తుపాకులెందుకో!

నాకు మంచిది, చెడ్డది అని తీర్పు వద్దు. లోపల ఏముందో చెప్పండి. రక్తం ఎంత, తిట్లు ఎంత, ఆడవాళ్ళను ఎట్ల చూపిస్తారు, ముక్కూమొహం తెలీనోళ్ళతో మాట్లాడే పని ఉంటాదా. తీర్పు నేను చెప్పుకుంటా.

సీమ గేమర్ (అనంతపురం)
అక్కా, మొత్తం ఆడినా కాబట్టి చెప్తా. 2017 ఆగస్టులో వచ్చింది, నాటీ డాగ్ అనే కంపెనీ వాళ్ళది. హీరో లేడు, ఇద్దరు హీరోయిన్లు. క్లోయీ ఫ్రేజర్ నాయన మన దేశం ఆయనే. తోడు వచ్చే నదీన్ రాస్ దక్షిణాఫ్రికా ఆమె, ఒకప్పుడు కిరాయి సైన్యం నడిపింది. హొయసల రాజులు దాచిన గణేశుడి దంతం కోసం పడమటి కనుమల్లో తిరుగుతారు. వీళ్ళకు అడ్డం అసావ్ అని ఒక తిరుగుబాటు దళం నాయకుడు.

ఆటలో సగం ఎక్కేది, దూకేది, తాడు పట్టుకొని ఊగేది, జీపు తోలేది, గుడి లోపల పజిల్స్ విప్పేది. మిగతా సగం కాల్పులే. నీకు దాచి చెప్పను, మనుషుల్నే కాలుస్తారు, చానామందిని. రక్తం చిమ్ముతుంది గానీ తలకాయలు తెగేది, పేగులు బయటికొచ్చేది లేదు. పడిపోతారు, అంతే. గడ్డిలో దాక్కొని వెనకనుంచి పోయి మెడ పట్టేసేది ఉంటాది, అది కాల్పులకన్నా దగ్గర్నుంచి కనిపిస్తాది. తిట్లు ఇంగ్లీషువి, స్కూల్ బస్సులో మావాళ్ళు తిట్టుకునేదాంట్లో సగం కూడా లేవు. బట్టల్లేని సీన్లు, పడగ్గది సీన్లు లేవు. ఇద్దరాడోళ్ళూ ఎవరో వచ్చి కాపాడతారని చూసే రకం కాదు. ఒక్కచోట అసావ్ వీళ్ళకు బేడీలేసి నీళ్ళు నిండే గదిలో వదిలేసిపోతాడు. ఆ సీన్‌కు నాకే ఊపిరాడలేదు. పిల్లోడు భయస్తుడైతే అక్కడ పక్కన కూర్చో.

కథ ఏడెనిమిది గంటల్లో అయిపోతాది.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
ఏందిబ్బా, "చానామందిని కాలుస్తారు" అని ఒక్క ముక్కలో చెప్పి జీపు గురించి మాట్లాడుతున్నావు. ఆ ముక్కే కదా అసలు విషయం. సినిమాలో హీరో కాలిస్తే నా కొడుకు చూస్తాడు. ఇక్కడ వాడే కాలుస్తాడు. గురి పెట్టేది వాడు, బటన్ నొక్కేది వాడు, "ఇంకోడు మిగిలినాడు" అని వెతికేది వాడు. నేనైతే ఇంటర్ అయ్యేదాకా ఇయ్యను.

మా అన్న కొడుకు సంగతి చూసినా. పబ్జీని 2020 సెప్టెంబరులో తీసేసినారు, మరుసటేడు బీజీఎంఐ అని పేరు మార్చుకొని వచ్చింది. 18 లోపువాళ్ళకు రోజుకు 3 గంటలే అని రూలు పెట్టినారు. వాడేం చేసినాడు? వాళ్ళ తాత ఫోన్‌తో తాత వయసు పెట్టి ఆడుకున్యాడు. ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు గేమ్ ఆడేది 71 ఏళ్ల తాత అని రికార్డు!

సోషల్ సారు (హిందూపురం)
తల్లీ, నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఇంట్లో మనవళ్ళతో ఈ గేమ్ కూర్చొని చూశాను. ముందు ఆ 13, 16 గొడవ తేలుద్దాం.

13 అన్నది ఈఎస్ఆర్‌బీ అని గేములకు వయసు రేటింగ్ ఇచ్చే బోర్డు వాళ్ళది, అమెరికాలో 1994 నుంచి ఉంది. వాళ్ళ దగ్గర 'టీ' అంటే 13 దాటినవాళ్ళకు, 'ఎం' అంటే 17 దాటినవాళ్ళకు. 16 అన్నది పెగీ, అట్లాంటి రేటింగే, యూరప్‌లో 2003లో మొదలైంది. వాళ్ళ మెట్లు 3, 7, 12, 16, 18. అంటే పెగీకి 13 అనే మెట్టే లేదు. 12 దాటితే నేరుగా 16కు పోవాల్సిందే. మనుషుల మీద హింస నిజంలాగా కనబడితే 12 మెట్టులో పెట్టరు. కాబట్టి ఇద్దరూ కొట్లాడుకోలేదు, చూసింది ఒకటే, కొలబద్దలు వేరు. ఇంకో సంగతి, డిస్కు గేములకు ఈఎస్ఆర్‌బీ వాళ్ళు మొత్తం ఆడి మార్కులెయ్యరు. కంపెనీ నింపిన ఫారం, పంపిన వీడియో చూసి వేస్తారు. ఫోన్ గేములకైతే ప్లే స్టోర్‌లో కనబడే 12+, 16+ ఆ గేమ్ చేసినవాళ్ళు నింపిన ప్రశ్నావళి మీద ఆధారపడేదే. మన సినిమాలకు సెన్సార్ బోర్డు ఇప్పుడు యూఏలోనే 7+, 13+, 16+ అని విడగొట్టింది కదా, గేములకు మాత్రం మన దేశానికి అట్లాంటి సొంత బోర్డు లేదు.

అంకె కన్నా దాని పక్కన రాసిన మాటలు చదవండి. రక్తమా, భాషా, మద్యమా, జూదమా అని అక్కడ ఉంటుంది. జీటీఏ 5కి ఆ మాటల వరుస చాంతాడంత ఉంటుంది, మీ తమ్ముడికి అది చదివి వినిపించండి.

ఇంటర్ బైపీసీ (కడప)
నాకు 17. పెద్దోళ్ళందరూ రక్తం రక్తం అంటాండారు గానీ నిజం చెప్పనా? మా బ్యాచ్‌లో ఎవ్వడూ రక్తం చూసి చెడిపోలా. చెడిపోయింది హెడ్‌సెట్ పెట్టుకొని ఆన్‌లైన్‌లో దూరినాక. అవతలోడు ఎవడో తెలీదు, వాడికి 30 ఏళ్లో 12 ఏళ్లో తెలీదు, అమ్మను తిడతాడు, కులం పేరు పెట్టి తిడతాడు. దాన్ని ఏ బోర్డూ రేటింగ్ చెయ్యదు, ఈఎస్ఆర్‌బీ వాళ్ళే ఆన్‌లైన్ మాటలకు మా రేటింగ్ వర్తించదని రాసుకుంటారు.

లాస్ట్ లెగసీ పీఎస్4 డిస్కులో కూడా మల్టీప్లేయర్ (నెట్‌లో వేరేవాళ్ళతో ఆడేది) ఉంది అక్కా, అంతకుముందొచ్చిన అన్‌చార్టెడ్ 4ది దీంట్లో కలిపినారు. కథ మాత్రమే అనుకోవద్దు. పీఎస్ ప్లస్ అని ఆన్‌లైన్ ఆటకు చందా ఉంటాది, ఆ డబ్బులు కట్టకపోతే అది తెరుచుకోదు. కాబట్టి కట్టొద్దు. 2022లో పీఎస్5కు, పీసీకి ఈ రెండు గేములూ కలిపి తెచ్చిన కలెక్షన్‌లో ఆ మల్టీప్లేయర్ తీసేసినారు.

పెన్నాగట్టు మామా, ఇంట్లో టీవీలో జాతర సీన్‌లో వేటకొడవళ్ళతో నరుకుతాంటే అందరం అన్నం తింటా చూస్తాం. మన సీమ పేరు చెప్పి తీసినవే అన్నీ. దానికి ఎవరూ రేటింగ్ అడగరు.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
అది కూడా ఆపాల్సిందే. ఒక తప్పు చూపించి ఇంకో తప్పుకు టికెట్ ఇప్పిస్తే ఎట్ల అబ్బీ? అయినా మన ఊళ్ళల్లో నిజంగా పోయినోళ్ళ ఇండ్లల్లో ఆ సినిమాలు ఎవరూ చూడరు, నీకు తెలీదు, చిన్నోనివి.

ఇంటర్ బైపీసీ (కడప)
సరే మామా. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తుగ్గలి వజ్రం (పత్తికొండ దగ్గర)
మీరందరూ రక్తం దగ్గరే ఆగిపోయినారు. నా బాధ వేరే. ఈ గేమ్‌లో వాళ్ళు చేసే పని ఏంది? పాత గుళ్ళల్లోకి దూరి నిధి ఎత్తుకొచ్చేది. మా పక్క ఊళ్ళకు ఈ కథ కొత్త కాదప్పా.

తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలకు తిరిగేది పేపర్లో చూసే ఉంటారు. అది వేరే, పగటిపూట తలొంచుకొని ఎర్రనేల చూసుకుంటా నడిచేది. నేను చెప్పేది రాత్రిపూట జరిగేది. మా ఊరి బయట పాడుబడిన శివాలయం ఉంది. గుప్త నిధులుండాయని ఎవరో నంది పొట్ట పగలగొట్టినారు, ధ్వజస్తంభం కింద మనిషి లోతు గుంత తవ్వినారు. నిమ్మకాయలు, కుంకుమ, పగిలిన ఉలి వదిలేసి పోయినారు. పొద్దున మేకలు కాసే పిల్లోడు చూసి చెప్పినాడు. ఆ నంది మెడలో గంటల దండ ఎంత సన్నగా చెక్కినారో, ఒక్కో గంటకు నాలుక కూడా ఉండేది. ఇప్పుడు మెడ వరకు మిగిలింది, గంటలు సగమే ఉండాయి.

మా అక్క కొడుకు ఈ గేమ్ ఆడతాంటే పక్కన కూర్చున్నా. క్లోయీ చెయ్యేస్తే రాయి ఊడుతుంది, మెట్టు కూలుతుంది, వెయ్యేండ్ల కట్టడం దబ్బున పడిపోతుంది. మా వాడు నవ్వుతాండాడు, బాగుంది అంటాండాడు. నాకు కడుపులో దేవినట్లయింది. రేపు వాడు లేపాక్షికి పోతే, గండికోటకు పోతే, స్తంభం మీద చెయ్యి ఎట్ల వేస్తాడు?

సీమ గేమర్ (అనంతపురం)
అన్నా, నీ నంది సంగతి చదివి మనసు చివుక్కుమంది. కానీ కథ చివరిదాకా చూడలేదు నువ్వు. క్లోయీ మొదట డబ్బుకోసమే వస్తాది. వాళ్ళ నాయన ఈ దంతం కోసమే తిరిగి చచ్చిపోయి ఉంటాడు, ఆ సంగతి మెల్లగా బయటికొస్తాది. ఆఖర్న దంతం చేతికొచ్చినాక అమ్ముకోకుండా కేంద్ర సాంస్కృతిక శాఖకు ఇచ్చేద్దాం అంటాది. పక్కనున్న సామ్ అని ఇంకో నిధి వేటగాని మొహం చూడాలి అప్పుడు!

ఇంటర్ బైపీసీ (కడప)
స్పాయిలర్ అని ముందు పెట్టన్నా! అక్క కొడుకు చదివితే?

సీమ గేమర్ (అనంతపురం)
అక్క కొడుకు ఇది చదవకుంటే చాలు, సారీ.

సోషల్ సారు (హిందూపురం)
తుగ్గలి వజ్రం గారి మాటకు ఇంకొంచెం కలుపుతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగిన 10 రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. క్లాసులో ఈ ముక్క చెప్తే పిల్లలు నోరు తెరిచి వింటారు, ఎందుకంటే ప్రతివాడికీ ఏదో ఒక గుప్త నిధి కథ తెలుసు.

గేమ్‌లో చరిత్ర ఎంత నిజమంటే... హొయసలులు నిజం, హళేబీడు నిజం, బేలూరు నిజం. ఆ రెండూ, సోమనాథపురం కలిపి 2023లో యునెస్కో జాబితాలో చేరాయి. కానీ హళేబీడు చదునైన ఊరు, హిందూపురం నుంచి పొద్దున బయల్దేరితే చూసి రావచ్చు. గేమ్‌లో చూపిన జలపాతాల మీద వేలాడే మహానగరం వాళ్ళ ఊహ. అది తప్పు అనను, కథకు అది అందం. అయితే నా మనవడు హొయసలేశ్వరాలయం ముందు నిలబడి "ఇంతేనా తాతా" అన్నాడు. గోడ దగ్గరికి తీసుకుపోయి, వరుసగా పోయే ఏనుగుల పట్టీ చూపించి, రెండు ఏనుగులు ఒకేలా ఉన్నాయేమో వెతకమన్నాను. అరగంట కదల్లేదు. గేమ్ లేకపోతే ఆ ఊరికి రావడానికే ఒప్పుకునేవాడు కాదు, అది కూడా నిజమే.

దంతం కథ కూడా. గేమ్‌లో పరశురాముడు శివుడిచ్చిన గొడ్డలి విసిరితే విరిగింది అంటారు. ఇంట్లో మనవడి అవ్వ మాత్రం భారతం రాయడానికి వినాయకుడే విరుచుకున్నాడని చెప్పింది. రెండూ మనవే. ఆ రోజు రాత్రి మా ఇంట్లో టీవీ ఆపేసి దీని మీదే పంచాయితీ జరిగింది.

వార్డు సిస్టర్ (నంద్యాల రోడ్డు, కర్నూలు)
ఒక్కమాట చెప్పి పోతా, డ్యూటీ ఉంది. డబ్ల్యూహెచ్ఓ రోగాల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ పిల్లోడు నాలుగు గంటలు ఆడితే అది కాదు. ఆపుకోలేకపోవడం, తిండి చదువు స్నేహాలు అన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనబడతాన్నా ఆగకపోవడం, ఇట్ల మామూలుగా ఏడాది పాటు సాగితే అంటారు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న: ఈ గేమ్‌కు ముగింపు ఉందా? లాస్ట్ లెగసీ అయిపోతాది. ఫోన్‌లోవి అయిపోవు, రోజూ లాగిన్ అయితే బహుమతి అంటాయి. నాకు వాటి భయమే ఎక్కువ.

కేబుల్ బాబాయ్ (గుత్తి)
అమ్మా, సెట్టింగ్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. వానికి మీ తమ్ముడి అకౌంట్ ఇవ్వద్దు. వాని నిజం పుట్టిన తేదీతో వేరే చైల్డ్ అకౌంట్ చెయ్యండి, మీది ఫ్యామిలీ మేనేజర్. పీఎస్4లో సెట్టింగ్స్, పేరెంటల్ కంట్రోల్స్‌కు పోతే గేమ్ వయసు స్థాయి, చాటింగ్ ఆపేది, ఖర్చు పరిమితి, రోజుకు ఎంతసేపు అన్నీ అక్కడే ఉంటాయి. కొత్త యూజర్ చేసుకునేది, గెస్ట్‌గా దూరేది కూడా ఆపండి, లేకుంటే పక్కదారిలో వస్తారు. ముఖ్యం: సిస్టమ్ పాస్‌కోడ్ కంపెనీ నుంచి 0000 అని వస్తాది. అది మార్చకపోతే ఇదంతా గోడ లేని గేటే. మా వీధి పిల్లలకు ఎక్కాలు రావు గానీ ఆ నాలుగు సున్నాలు వచ్చు.

ఇంకోటి. దీంట్లో కష్టం స్థాయిల్లో అన్నింటికన్నా కింద 'ఎక్స్‌ప్లోరర్' అని ఉంటాది. అది పెడితే కాల్పులు గబుక్కున అయిపోతాయి, ఎక్కేదీ వెతికేదీ ఎక్కువసేపు మిగులుతాది.

బురుజుకాడ అక్క (కర్నూలు)
అందరికీ చానా థ్యాంక్స్. తమ్ముడు వచ్చినాడు. పిల్లోనికి ఇవ్వకముందు రాత్రి మేమిద్దరం మొదటి భాగం ఆడినాం. నాకు కెమెరా తిప్పేది రాక క్లోయీ గోడకు తల ఆనించి నిలబడిపోయింది, తమ్ముడు నవ్వి నవ్వి చచ్చినాడు. వానలో బజారు, యుద్ధం జరిగే ఊరు, మీనూ అని ఒక చిన్నపాప, మిద్దెల మీద పరుగు. భయంకరంగా ఏమీ అనిపించలేదు గానీ, ఆ ఊరు మన ఊరిలాగా ఉండేది, సైనికులు జనాన్ని ఆపి తనిఖీ చేసేది చూస్తే కొంచెం గుండె బరువైంది.

మరుసటి దినం మావాడు, మామ పక్కన కూర్చొని, హాల్లో. నేను కూరగాయలు తరుగుతా చూస్తాండా. పడమటి కనుమల్లోకి పోయినాక జీపు ఆపి, క్లోయీ ఫోన్‌తో జలపాతాన్ని ఫోటో తీస్తా కూర్చున్యాడు. శత్రువులు అటుపక్క ఉంటే ఈయప్ప ఇటుపక్క ఫోటోలు! సరే పిల్లోడే అనుకున్నా. తర్వాత గడ్డిలో దాక్కొని మొదటిసారి ఒకని వెనక్కి పోయినప్పుడు, బటన్ నొక్కకముందు నావైపు తిరిగి చూసినాడు. నేనేమీ అనలేదు. నొక్కినాడు. రెండోవానికీ చూసినాడు. అరగంట అయినాక చూడడం మానేసినాడు, ఐదో ఆరో మనిషి దగ్గర "మామా, వీడు ఈజీ" అన్నాడు.

పెన్నాగట్టు అన్నా, అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. రాత్రి అన్నం దగ్గర అడిగినా, "ఆ గడ్డిలో మనిషి ఎవరనుకున్నావు?" అని. "అసావ్ మనిషి" అన్నాడు. "వాడు ఎందుకు చేరి ఉంటాడు?" అంటే కాసేపు ఆలోచించి "జీతానికేమో" అన్నాడు. మామ వెంటనే ఫ్యాన్ గురించి ఏదో మాట్లాడి టాపిక్ మార్చేసినాడు.

ఇప్పటికైతే ఇట్ల పెట్టుకున్నాం: హాల్లో టీవీకే, గదిలో కాదు. శని, ఆదివారాలు రెండేసి గంటలు. పీఎస్ ప్లస్ లేదు, హెడ్‌సెట్ లేదు. 0000 మార్చినా, కొత్తది మా తమ్మునికి కూడా చెప్పలేదు. నీళ్ళ గది వచ్చినప్పుడు నన్ను పిలవాలి.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
నేనైతే ఇప్పటికీ ఇయ్యను. కానీ నావైపు తిరిగి చూసినాడు అన్నావు చూడు, అట్ల చూసే పిల్లోడు, అట్ల చూసే దూరంలో ఉండే అమ్మ అయితే నేను గట్టిగా అడ్డం చెప్పలేను. మా వాళ్ళు తలుపేసుకుంటారు మరి.

తుగ్గలి వజ్రం (పత్తికొండ దగ్గర)
అక్కా, సెలవులు అయిపోకముందు ఒకసారి మా వైపు తీసుకురా. ఎర్రగుడిలో అశోకుని శాసనం బండలు చూపిస్తా, గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులోనే. వస్తా మా నందిని కూడా చూపిస్తా.

బురుజుకాడ అక్క (కర్నూలు)
తప్పకుండా అన్నా. ఆదివారం వీలైతే వస్తాం, ఫోటోలు వీనితోనే తీయిస్తా.

లేపాక్షి బసవన్న (కొత్త సభ్యుడు)
ఇప్పుడే చదివినా. మా పాపకు 12. కాల్పులు లేకుండా ఇట్లాంటి సాహసం గేమ్ ఏమన్నా ఉందా? 'రాజీ' అని మన పుణె వాళ్ళు చేసింది ఒకటి విన్నా.

సీమ గేమర్ (అనంతపురం)
ఉంది అన్నా, 2020లో వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రాక్షసుల వెంట పోయే అక్క కథ. తుపాకులు లేవు, త్రిశూలం, విల్లు ఉంటాయి, కొట్టేది రాక్షసుల్ని. మధ్యలో కథ చెప్పేటప్పుడు తోలుబొమ్మలాటలాగా చూపిస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట బొమ్మలు చూసిన పాపైతే ఎగిరి గంతేస్తాది. కొన్నిచోట్ల ఎక్కేది దూకేది కొంచెం చిరాకు పెడతాది, అంతే. కొత్త చర్చ పెట్టు, అక్కడ చెప్తా. ఇక్కడ అక్క నోటిఫికేషన్లతో చస్తాంటాది.